వెల్లుల్లి నడుమ నుంచి మెలిక తిరిగిన కాడ లేచింది: కోసేయాలా, వదిలేయాలా?

పెరటిమడి_న్యూజెర్సీ:
నమస్తే అండీ. 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవున్న ఎత్తు మడిలో అక్టోబర్ మూడో వారంలో మ్యూజిక్ అనే రకం వెల్లుల్లి రెబ్బలు 6 అంగుళాల ఎడంతో నాటి, పైన ఎండుగడ్డి కప్పాను. ఇప్పుడు జూన్ మొదటి వారం. ప్రతి మొక్క నడుమ నుంచీ పెన్సిల్ లావు కాడ లేచి గుండ్రంగా మెలిక తిరిగింది, కొసన కొంగముక్కులాంటి మొగ్గ ఉంది. ఉల్లి పూతకొస్తే గడ్డ పాడైనట్టే అంటారు కదా, దీనికీ అంతేనా? కోస్తే ఎక్కడ కోయాలి? ఒక మూల కిరాణా కొట్లో కొన్న వెల్లుల్లి పెట్టాను, వాటికి మాత్రం ఒక్క కాడా రాలేదు. ఎందుకని?

గడ్డలమడి:
కంగారేమీ లేదు. మ్యూజిక్ హార్డ్‌నెక్ రకం, కాడ రావడం దాని స్వభావం. కొట్లో దొరికేది దాదాపు ఎప్పుడూ సాఫ్ట్‌నెక్, అది మామూలుగా కాడ వేయదు. ఆ మూల మొక్కలకు జబ్బేమీ లేదు.

ఉల్లితో పోల్చకండి. ఉల్లి పూకాడ బోలుగా ఉంటుంది, గడ్డ పొరల మధ్య నుంచే పైకొస్తుంది. అందుకే లోపల గట్టి బొడ్డు మిగిలి, అక్కడి నుంచే కుళ్లు మొదలవుతుంది. వెల్లుల్లి కాడ లోపల నిండుగా ఉంటుంది, రెబ్బలు దాని చుట్టూ పేర్చుకుంటాయి. గడ్డ ఎండాక మధ్యలో కర్రపుల్లలా నిలిచేది అదే. నిల్వకు దానివల్ల నష్టం లేదు.

కోయాలి ఎందుకంటే, ఇప్పటి నుంచి నెల రోజులు గడ్డ ఊరే కాలం. కాడను వదిలేస్తే మొక్క తన బలంలో కొంత పైనున్న మొగ్గకు పంపుతుంది, గడ్డ సైజు తగ్గుతుంది. సారం తక్కువున్న మట్టిలో ఈ తేడా బాగా కనబడుతుంది.

కాడ ఒక చుట్టు పూర్తిగా తిరిగాక, మళ్లీ నిటారుగా లేవకముందే కోయండి. అన్నిటికంటే పై ఆకులోంచి కాడ ఎక్కడ బయటికొస్తోందో అక్కడ, ఆకుకు గాటు పడకుండా. గడ్డపై ఉండే ఒక్కో పొరా ఒక్కో ఆకు అడుగుభాగమే, ఆకును పోగొట్టుకుంటే ఆ పొర బలం తగ్గినట్టే. మంచు ఆరాక, ఎండ ఉన్న పూట కత్తిరిస్తే కోత గంటల్లో ఆరిపోతుంది. వాన పడే రోజు వద్దు. అన్నీ ఒకేసారి రావు కాబట్టి రెండు మూడు రోజులకోసారి మడి చుట్టూ తిరగాల్సిందే.

మట్టివాసన:
పై జవాబుకు ఒక చేర్పు. కొందరు కోయకుండా పట్టుకుని పైకి లాగుతారు. లోపలి లేత భాగం కూడా వస్తుంది, కూరకు బాగుంటుంది, నిజమే. కానీ తడి చాలని రోజున లాగితే కాడ లోపలే తెగుతుంది, లేదా మొక్క వేళ్లు కదులుతాయి. పైగా మెడలో గొట్టంలా ఖాళీ మిగిలి, వాన నీరు దిగుతుంది. లోపలి ఆ కాస్త లేత కాడ కోసం గడ్డను పణంగా పెట్టడం నాకు నచ్చదు.

ఎరువు సంగతి కూడా: నత్రజని ఇక వేయకండి, మే మొదటికే ఆపేయాలి. ఇప్పుడు వేస్తే ఆకు పెరుగుతుంది తప్ప గడ్డ ఊరదు. నీళ్లు మాత్రం వారానికి అంగుళం లెక్కన అందాలి, తవ్వకానికి పది పదిహేను రోజుల ముందు ఆపండి.

మిద్దెతోట_కూకట్‌పల్లి:
హైదరాబాద్‌లో ఇది చదివి "మాకెందుకు కాడలు రావట్లేదు" అనుకునేవాళ్ల కోసం. మనం వేసేవి సాఫ్ట్‌నెక్ రకాలు, మన చలికి కాడ వేయవు. హార్డ్‌నెక్ విత్తన రెబ్బలు తెప్పించినా లాభం లేదు. దానికి వారాల తరబడి గట్టి చలి కావాలి, అది లేకపోతే విడిపోని ఒంటి గడ్డ వస్తుంది. మన రకాలు కూడా డిసెంబర్ దాటాక నాటితే ఒంటి రెబ్బ గడ్డలే ఎక్కువ. అక్టోబర్ మధ్య నుంచి నవంబర్ మధ్య లోపు నాటేయండి.

12 అంగుళాల గ్రో బ్యాగ్‌లో ఆరేడు రెబ్బలు చాలు. మట్టి నాలుగు పాళ్లు, వర్మీకంపోస్ట్ మూడు, కొబ్బరి పొట్టు రెండు, ఇసుక ఒకటి, గుప్పెడు వేప పిండి. బయటి వరసలోని పెద్ద రెబ్బలే తీసుకుని, పొట్టు ఊడకుండా, మొన పైకి ఉండేలా అంగుళంన్నర లోతులో గుచ్చండి. ఆకు మీద వెండి గీతలు కనబడితే తామర పురుగు. లీటరుకు 5 మిల్లీలీటర్ల వేప నూనె, నాలుగు చుక్కల సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం కొట్టండి.

ఎప్పుడైనా కాండంలో, మట్టికి కాస్త పైన, ఉబ్బు కనబడి చీలితే లోపల చిన్న రెబ్బలుంటాయి. ఒత్తిడికి గురైన సాఫ్ట్‌నెక్ చేసే పని అది. అవీ తినొచ్చు.

పెరటిమడి_న్యూజెర్సీ:
థాంక్సండీ, ఈ పూటే కత్తెర పట్టాను. రెండు ప్రశ్నలు మిగిలాయి. ఆ మొగ్గలోంచి విత్తనం వస్తుందా? కోసిన కాడలు బుట్టెడున్నాయి, నూనెలో వేసి ఉంచొచ్చా?

గడ్డలమడి:
మొగ్గలో నిజమైన విత్తనం ఉండదు, పూలు గొడ్డుపోతాయి. బదులుగా బల్బిల్స్ అనే బుల్లి గడ్డలుంటాయి. మ్యూజిక్‌లో అవి వడ్లగింజంత, ఒక్కో మొగ్గలో వందకు పైగా కూడా. వాటిని నాటితే మొదటి ఏడు ఒంటి గుండ్రటి గడ్డ, రెబ్బలు విడిన పెద్ద గడ్డకు మూడేళ్ల దాకా. మట్టిలోని తెగుళ్లు వాటికి అంటవన్నది లాభం, వైరస్ ఉంటే మాత్రం అందులోకీ వస్తుంది.

పచ్చి కాడలు, రెబ్బలు నూనెలో ముంచి బయట పెట్టకండి. గాలి తగలని ఆ అడుగున బొట్యులిజం (ప్రాణం మీదికి తెచ్చే ఆహార జబ్బు) విషం తయారు కావచ్చు, వాసనకూ రుచికీ తెలియదు. రోటి పచ్చడి చేస్తే ఫ్రిజ్‌లో పెట్టి మూడు నాలుగు రోజుల్లో తినేయండి. మిగతావి అంగుళం ముక్కలు చేసి ఫ్రీజర్‌లో వేయండి. మొగ్గ పైనున్న తోక పీచు, అది తీసేయాలి.

ఒక రెండు కాడలు మాత్రం కోయకుండా గుర్తుకు ఉంచుకోండి. అవి మెలిక విడి నిటారుగా నిలిచి, మొగ్గ తొడుగు చీలే సమయానికి గడ్డలు కూడా దగ్గర పడ్డట్టే. అప్పుడు కింది మూడు నాలుగు ఆకులు పండి, పైన అయిదారు పచ్చగా ఉన్నాయేమో చూసి ఒకటి తవ్వండి. రెబ్బలు విడి, పొర బిగువుగా ఉంటే మిగతావి తీయొచ్చు. కాండం పట్టుకుని లాగితే మెడ ఊడుతుంది, తోట పనికి వాడే ఫోర్క్‌తో పక్క నుంచి మట్టి లేపండి. కడగకుండా, నీడలో, గాలాడేచోట మూడు నాలుగు వారాలు వేలాడదీయండి.