పై అంతస్తు ఇంటి వేడి: హరిత భవన ప్రమాణాలు మా బోటి చిన్న ఇళ్లకు ఉన్నాయా?

ప్రశ్న:
విజయవాడ శివారులోని ఒక జీ+3 సముదాయంలో, పై అంతస్తున 365 చదరపు అడుగుల ఇంట్లో ఉంటున్నాము. గోడలన్నీ షియర్‌వాల్ పద్ధతిలో పోసిన కాంక్రీటువే కావడంతో, ఏప్రిల్ వచ్చిందంటే రాత్రి పదకొండు గంటలకు కూడా పడమటి గోడకు వీపు ఆనించలేము. సంఘం నిధితో హరిత భవన ధ్రువపత్రం (ఇంధనాన్ని ఆదా చేసే కట్టడమని ఇచ్చే గుర్తింపు) తీసుకుందామని కొందరు, డాబాకు తెల్లరంగు వేయిస్తే చాలునని మరికొందరు అంటున్నారు. ఏది మేలో తెలియజేయగలరు.

జవాబు 1:
అండీ, నివాస భవనాల కోసమే 2018 డిసెంబరులో ఎకో నివాస్ సంహిత అనే కేంద్ర ఇంధన పొదుపు నియమావళి వచ్చింది. చలి ప్రాంతాలు మినహా, గోడలు, కిటికీల గుండా లోనికి వచ్చే వేడి సగటున చదరపు మీటరుకు 15 వాట్లు మించరాదని, పైకప్పు యూ విలువ (వేడి ఎంత సులువుగా దూరుతుందో చెప్పే అంకె) 1.2 దాటరాదని అది చెబుతుంది. అయితే ఇవి నక్షా గీసేనాడే చూసుకోవలసిన లెక్కలు. 150 మి.మీ. కాంక్రీటు గోడ, 200 మి.మీ. ఏఏసీ బ్లాకు (గాలి బుడగలుండే తేలికపాటి సిమెంటు ఇటుక) గోడ కంటే నాలుగు రెట్లకు పైగా వేడిని లోనికి పంపుతుంది. ఆ గోడ లేచిపోయాక ధ్రువపత్రానికి ఖర్చు పెట్టడం నా దృష్టిలో దండుగ.

జవాబు 2:
తెల్లరంగు మాత్రం తప్పక వేయించండి. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ (ఎండను తిప్పికొట్టే పైకప్పు) విధానమే తెచ్చింది. దుమ్ము, పాచి పట్టిన తెలుపు ఎండను అంతగా తిప్పికొట్టదు కనుక, ఏటా వేసవికి ముందు డాబా కడిగించే బాధ్యత ఎవరిదో ముందే తేల్చుకోండి.

జవాబు 3:
కిటికీల మాట ఎవరూ ఎత్తలేదు. మీది ఉక్కపోత ప్రాంతం గనుక, సంహిత ప్రకారం కిటికీలు, తలుపుల్లో తెరుచుకునే భాగం కార్పెట్ ఏరియాలో (ఇంటి లోపల వాడుకునే నేల వైశాల్యంలో) ఆరో వంతు ఉండాలి. రెండు రెక్కల స్లైడింగ్ కిటికీలో సగమే తెరుచుకుంటుంది. బయటకు తెరుచుకునే రెక్కలైతే 90 శాతం లెక్కకు వస్తుంది. బరువు మోసేది గోడలే కాబట్టి కొత్త కిటికీ కోసం గోడ కొట్టించవద్దు.

ప్రశ్న అడిగినవారు:
టేపు పెట్టి కొలిచాను. మా కార్పెట్ ఏరియా 300 చదరపు అడుగులు, అంటే తెరుచుకునే భాగం 50 చదరపు అడుగులు కావాలి. 4×4 స్లైడింగ్ కిటికీలు రెండు, వంటింట్లో 3×3 ఒకటి, బాల్కనీ తలుపు కలిపితే తెరుచుకునేది 38 మాత్రమే తేలింది. బయటకు తెరుచుకునే రెక్కలుగా మార్చితే 54 దాటుతున్నది. ఆదివారం సమావేశంలో డాబా రంగుతో పాటు ఈ లెక్క కూడా పెడతాను.