సీజే-3బీ: పాత డానా యాక్సిల్స్‌లో 5.38 ఉంచాలా, 4.27 వేయాలా?

ప్రశ్న

విల్లీస్ సీజే-3బీ. బాడీ దించేశాం, చాసిస్ ఇంకా చక్రాల మీదే ఉంది. హరికేన్ ఎఫ్-134 ఇంజన్, టీ-90 గేర్‌బాక్సు, డానా 18 ట్రాన్స్‌ఫర్ కేసు (బలాన్ని ముందు, వెనక యాక్సిల్స్‌కి పంచే పెట్టె), ముందు యాక్సిల్ డానా 25, వెనకది టేపర్ షాఫ్టుల (కొన సన్నబడే షాఫ్టు మీద హబ్ కూర్చునే రకం) డానా 44. రెండు యాక్సిల్స్‌లోనూ రేషియో (చక్రం ఒక చుట్టుకి ప్రొపెల్లర్ షాఫ్టు తిరిగే చుట్లు) 5.38 అని విన్నదే గానీ తెరిచి చూడలేదు. టైర్లు 6.00-16. రోడ్డు మీద 70 కి.మీ. వేగంలో ఇంజన్ మోత తగ్గాలి, కొండదారిలో లో రేంజి (ట్రాన్స్‌ఫర్ కేసులోని నెమ్మది గేరు) బలం తగ్గకూడదు. 4.27 క్రౌన్-పినియన్ (యాక్సిల్ లోపలి గేర్ల జత) వేయాలా, 5.38 ఉంచి ఓవర్‌డ్రైవ్ (ఇంజన్ చుట్లు తగ్గించే అదనపు గేరు) పెట్టాలా, వేరే యాక్సిల్స్‌కి మారాలా? వెనక ఎడమ చక్రం పట్టి తిప్పితే టక్కుమంటోంది. ముందు నకిల్స్ (ముందు చక్రాలు పక్కకు మళ్లే కీళ్లు) గ్రీజు కారుస్తున్నాయి.

జవాబు 1

ముందు రేషియో ఎంతో తేల్చుకోండి. ముందు చక్రాలకు రెండు పక్కలా అడ్డుచెక్కలు పెట్టి, వెనక ఒక్క చక్రమే లేపండి. ట్రాన్స్‌ఫర్ కేసు న్యూట్రల్, హ్యాండ్‌బ్రేకు వదిలెయ్యాలి. ఈ బండిలో హ్యాండ్‌బ్రేకు డ్రమ్ము ట్రాన్స్‌ఫర్ కేసు వెనక ఉంటుంది కాబట్టి అది పట్టి ఉంటే షాఫ్టు తిరగదు. పైగా ఒక వెనక చక్రం గాల్లో ఉంటే ఆ బ్రేకు బండిని ఆపలేదు, డిఫరెన్షియల్ గుండా జారిపోతుంది. అందుకే చెక్కలు తప్పనిసరి. లేపిన చక్రాన్ని సరిగ్గా 2 చుట్లు తిప్పి, ప్రొపెల్లర్ షాఫ్టు చుట్లు లెక్కపెట్టండి. 5 దాటి మూడో వంతు పైన వస్తే 5.38, 5కి కాస్త తక్కువైతే 4.88, నాలుగుంపావు దాటితే 4.27. ముందు యాక్సిల్‌కీ ఇదే లెక్క, ఈసారి చెక్కలు వెనక చక్రాలకు. రెండూ ఒకటే కాకపోతే ఫోర్ వీల్ వేసినప్పుడు లైను బిగుసుకుపోయి ఏదో ఒకటి విరుగుతుంది.

6.00-16 టైరు చుట్టుకొలత సుమారు 2.23 మీటర్లు. టాప్ గేరులో 70 దగ్గర 5.38తో ఇంజన్ దాదాపు 2800 చుట్లు, 4.27తో 2230, ఓవర్‌డ్రైవ్ 25 శాతం తగ్గిస్తుంది కనుక 2110. లో రేంజిలో టీ-90 మొదటి గేరు 2.80, డానా 18 లో 2.46. 5.38తో మొత్తం 37, 4.27తో 29. మీరడిగిన రెండూ ఓవర్‌డ్రైవ్‌తోనే దొరుకుతాయి, నా ఓటు దానికే. అది ట్రాన్స్‌ఫర్ కేసు వెనక పీటీఓ (వేరే యంత్రాలకు బలం తీసుకునే) రంధ్రంలో కూర్చుంటుంది. కొనేముందు డానా 18 డ్రైవ్ గేరుకు 26 పళ్లా 29 పళ్లా లెక్కపెట్టండి, తప్పు సైజు తెస్తే కలవదు.

జవాబు 2

పై లెక్క సరైనదే. కానీ క్రౌన్ పళ్లు ఊడినా, గుంటలు పడినా ఎలాగూ మార్చాలి, అప్పుడు 4.27 ఆలోచించవచ్చు. ఓవర్‌డ్రైవ్ అంటే ఇంకో గేర్ల పెట్టె, ఇంకో శబ్దం. డానా 44లో 3.92 నుంచి పైకి ఒకే క్యారియర్ (క్రౌన్ బిగించే పెట్టె) సరిపోతుంది, అంటే 5.38 నుంచి 4.27కి దిగడానికి క్యారియర్ మార్చక్కర్లేదు. పినియన్ స్ప్లైన్లు (దాని కాడ మీది నిలువు గాళ్లు) మాత్రం పాతవి 10, తర్వాతివి 26. కొత్త పినియన్ తెస్తే ఫ్లాంజ్ కూడా దానికి తగ్గది చూసుకోండి.

ఫిట్టింగులో చెడేది ఎక్కువగా పినియన్ లోతు. పాత పినియన్ తల మీద, కొత్తదాని మీద చెక్కిన అంకెలు పోల్చండి. పాతది +2, కొత్తది −2 అయితే లోపలి షిమ్ముకి (మందం సర్దే పలచని రేకు) 4 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) కలపాలి. ప్రీలోడ్‌కి (బేరింగులకు ముందే ఇచ్చే బిగువు) ఈ యాక్సిల్లో క్రష్ స్లీవ్ (బిగిస్తే నలిగే గొట్టం) ఉండదు, బయటి బేరింగు దగ్గర షిమ్ములే. సీలు వేయకముందు, కొత్త బేరింగులతో తిప్పడానికి 20–40 ఇంచ్-పౌండ్లు పట్టాలి. నట్టు 200–220 ఫుట్-పౌండ్లు. బ్యాక్‌లాష్ (పళ్ల మధ్య సందు) 5–6 థౌ దగ్గర నిలిపి, రంగు పూసి పళ్ల మీద అచ్చు చూడండి. బ్యాక్‌లాష్ సరిగ్గా ఉన్నా అచ్చు పంటి కొనకో వేరుకో పోయిందంటే లోతు తప్పిందనే, మళ్లీ విప్పాల్సిందే. పాత బేరింగుల లోపలి రంధ్రం కాస్త గీసి వదులు చేసి పెట్టుకుంటే, షిమ్ములు మార్చిన ప్రతిసారీ పుల్లర్ అక్కర్లేదు.

జవాబు 3

రేషియో కంటే ముందు ఆ టక్కు సంగతి చూడండి, ప్రాణం మీదికి వచ్చేది అదే. ఒకరు చక్రం ఊపుతుంటే ఇంకొకరు యాక్సిల్ నట్టును చూడాలి. నట్టూ షాఫ్టూ కదలకుండా హబ్ మాత్రమే కదిలితే టేపర్ వదిలిపోయింది. అన్నీ కలిసి కదిలితే బేరింగు. ఈ జాయింటులో తిప్పే బలం మోసేది టేపర్ పట్టు, కీ (గాడిలో దూర్చే ఇనుప ముక్క) కాదు. పట్టు పోతే కీ తెగుతుంది, కీ గాడి వెడల్పవుతుంది. అలాంటి షాఫ్టు, హబ్ రెండూ పక్కన పెట్టేయండి, వెల్డింగుతో బాగుచేయవద్దు.

బిగించేటప్పుడు రెండు టేపర్లూ శుభ్రంగా, పొడిగా ఉండాలి. గ్రీజు చుక్క కూడా వద్దు. నట్టు కనీసం 150 ఫుట్-పౌండ్లు. కాటర్ పిన్ను రంధ్రం కలవకపోతే ఇంకాస్త బిగించాలి గానీ వెనక్కి వదలకూడదు. కొంతదూరం నడిపాక మళ్లీ చూడండి. విప్పడానికి హబ్‌కు బోల్టయ్యే పుల్లర్ వాడండి, రెండు కాళ్ల పుల్లర్ డ్రమ్మును వంచేస్తుంది.

బయటి బేరింగు దగ్గర ఈ షాఫ్టు విరిగితే చక్రం డ్రమ్ముతో సహా ఊడి వస్తుంది. బురదలో, రాళ్లలో గట్టిగా వాడే ఉద్దేశం ఉంటే ఫుల్ ఫ్లోటింగ్ కిట్టు మంచి పెట్టుబడి, అందులో చక్రం షాఫ్టు మీద కాక స్పిండిల్ (యాక్సిల్ కొనన కదలని గొట్టం) మీద నిలుస్తుంది. యాక్సిల్ మొత్తం మార్చడం మాత్రం వద్దంటాను. డానా 18 అవుట్‌పుట్ కుడివైపు ఉంటుంది, మధ్యలో డిఫరెన్షియల్ ఉన్న యాక్సిల్ వేస్తే షాఫ్టు పక్కకి వాలి క్రాసులు (షాఫ్టు చివరి కీళ్లు) తింటుంది.

ప్రశ్న అడిగినవారు

లెక్కపెట్టాం, రెండూ 5.38. వెనక కవరు తీస్తే క్రౌన్ మీద 43-8 అని ఉంది, పళ్లు బాగున్నాయి. హబ్ మాత్రమే కదులుతోంది, కీ సగం తెగింది. 5.38 ఉంచి, ఎడమ షాఫ్టు, హబ్ మార్చి, ఓవర్‌డ్రైవ్ వేస్తాం. ముందు నకిల్స్‌కి కొత్త సీళ్లు చాలా?

జవాబు 4

నకిల్ గుండు మీద తుప్పు గుంటలుంటే కొత్త సీలు కొద్దిరోజుల్లోనే కోసుకుపోతుంది. ముందు గుండు నునుపు చేయండి, లోతుగా ఉంటే మార్చండి. కింగ్‌పిన్ (నకిల్ తిరిగే ఇరుసు) బేరింగుల ప్రీలోడ్ సీలు వేయకముందే, టై రాడ్ విప్పి, స్ప్రింగ్ త్రాసుతో లాగి సరిచూడాలి, పైనా కిందా షిమ్ములు సమానంగా పంచాలి. లోపలి యాక్సిల్ సీలు కూడా మార్చండి, లేకపోతే డిఫరెన్షియల్ ఆయిలు నకిల్లోకి వచ్చి గ్రీజును పలచన చేస్తుంది. షాఫ్టు జాయింటు ఏ రకమో చూసుకోండి, క్రాసు రకమైతే విడిభాగాలతోనే బాగవుతుంది.

ట్రాన్స్‌ఫర్ కేసు విప్పినప్పుడు ఇంటర్మీడియట్ షాఫ్టు మీద గోరు పెట్టి చూడండి. గీత తగిలితే షాఫ్టు, నీడిల్ బేరింగులు కలిపే మార్చాలి. దాని వ్యాసం కొలిచాకే ఆర్డరివ్వండి, ఏళ్లను బట్టి మూడు సైజులు వచ్చాయి: 3/4, 1-1/8, 1-1/4 అంగుళాలు. డిఫరెన్షియళ్లలో జీఎల్-5 రకం 80డబ్ల్యూ-90 గేరు ఆయిలు పోయండి. టీ-90లో ఇత్తడి సింక్రో రింగులున్నాయి, అందులో జీఎల్-4. రెండు పెట్టెల మధ్య ఆయిలు అటూఇటూ చేరుతుంది కనుక డానా 18లో కూడా అదే.