వాల్ తొరాన్స్‌లో అంత ఎత్తు అమ్మకి పడుతుందా?

నమస్తే అండీ. మేం లండన్‌లో ఉంటాం. బాబుకి ఏడేళ్లు. ఏప్రిల్‌లో ఈస్టర్ సెలవులకి మొదటిసారి స్కీయింగ్‌కి వెళ్దామనుకుంటున్నాం. అప్పటికి కింది ఊళ్లలో మంచు కరిగిపోతుందని ఫ్రాన్స్‌లో వాల్ తొరాన్స్ చూస్తున్నాం. ఊరే 2,300 మీటర్ల మీద ఉంది, లిఫ్టుల్లో 3,200 దాకా వెళ్లొచ్చు.

నా టెన్షన్ అంతా అమ్మ గురించే. గుంటూరు నుంచి వస్తోంది, బీపీకి మాత్రలు వాడుతుంది. తను స్కీయింగ్ చేయదు, ఊళ్లోనే ఉంటుంది. డాక్టర్‌ని ఎలాగూ అడుగుతాం. పెద్దవాళ్లతో వెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే, మొదటి రెండు రాత్రులు నిద్ర పట్టిందా, ఆయాసం వచ్చిందా చెప్పండి. 1,450 మీటర్ల దగ్గరున్న మెరిబెల్‌లో దిగడం నయమా? అక్కడైతే చెట్లు కూడా ఉన్నాయి. పైన చెట్లే లేవు కదా, మబ్బు కమ్మితే నేలేదో ఆకాశమేదో తెలియదంటున్నారు. కొత్తగా నేర్చుకునేవాళ్లకి అది నరకమే.

వాల్ తొరాన్స్, మెరిబెల్ ఉన్న ‘మూడు లోయల’కీ (త్రీ వ్యాలీస్) కలిపి 600 కిలోమీటర్ల స్కీ దారులకి ఒకే లిఫ్ట్ పాస్ అమ్ముతున్నారు. నిలబడటమే రాని మాకు అదెందుకు? వాల్ తొరాన్స్ వరకు తీసుకుంటే చాలదా?

ఇంకోటి, నవ్వకండి. ఆ ఎత్తులో నీళ్లు 92 డిగ్రీలకే మరుగుతాయి, మామూలు గిన్నెలో కందిపప్పు ఓ పట్టాన ఉడకదు. చిన్న కుక్కర్ పట్టుకెళ్దామంటే మాది అల్యూమినియంది. అక్కడి అపార్ట్‌మెంట్లలో ఇండక్షన్ పొయ్యిలేనా, మామూలు కరెంటు పొయ్యిలుంటాయా?