కమడోర్ 64 బేసిక్‌లో వంజరం చెల్లుతుంది, చందువా ఎందుకు చెల్లదు?

ప్రశ్న (ఆరిలోవ నుంచి):
మా నాన్నగారు విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో చేపల వ్యాపారం చేస్తారు. ఆయన రోజువారీ ధరల లెక్కను కమడోర్ 64 ఎమ్యులేటర్‌లో (1980ల నాటి ఆ హోమ్ కంప్యూటర్‌ను అనుకరించే ప్రోగ్రాంలో) బేసిక్ భాషలో రాస్తూ, చేపల పేర్లనే ఇంగ్లీషు అక్షరాలలో వేరియబుల్స్‌గా, అంటే విలువలు దాచుకునే పేర్లుగా, పెట్టాను. వంజరానికి విలువ ఇస్తే తీసుకున్నది. చందువా, పండుగప్ప, కోనెం పేర్లకు మాత్రం సింటాక్స్ ఎర్రర్ (రాసిన తీరు తప్పన్న సందేశం) వస్తున్నది. వంజరానికీ చందువాకీ ఎనిమిదేసి అక్షరాలే కనుక పొడవు కారణం కాదు. ఏది కీవర్డో (బేసిక్ తన కోసం ఉంచుకున్న మాటో), ఏది నేను పెట్టిన పేరో ఇంటర్‌ప్రెటర్ (మనం రాసిన బేసిక్‌ను చదివి నడిపే ప్రోగ్రాం) ఎలా తేల్చుకుంటుందో దయచేసి వివరించగలరా?

జవాబు (సీతమ్మధార నుంచి):
చందువా ఇంగ్లీషు స్పెల్లింగులో మూడో అక్షరం నుంచి చదవండి: ఏ, ఎన్, డి. అది 'అండ్' అనే కీవర్డు. పండుగప్పలోనూ అదే ఉన్నది, కోనెంలో 'ఆన్' (ఓ, ఎన్) అనే కీవర్డు ఉన్నది.

మీరు రిటర్న్ నొక్కగానే ఇంటర్‌ప్రెటర్ ఆ లైనులో ఒక్కొక్క అక్షరం దగ్గర ఆగి, అక్కడ మొదలయ్యే కీవర్డు తన పట్టికలో ఉన్నదేమో వరుసగా వెతుకుతుంది. దొరికితే ఆ అక్షరాలన్నిటి బదులు 128 గాని అంతకు మించిన విలువ గాని గల ఒకే బైటును, అంటే టోకెన్‌ను పెడుతుంది. కోట్స్ లోపల, 'రెమ్' (వ్యాఖ్య రాసుకునే కీవర్డు) తరువాత వెతకదు. పేరు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందన్నది ఆ దశలో దానికి పట్టదు. మీరే చూడవచ్చు: 'న్యూ' ఇచ్చి పాత ప్రోగ్రాం చెరిపి, 10వ నంబరు లైనుగా చందువాకు ఏదైనా విలువ ఇచ్చి, మెమరీలో 2055వ చిరునామాను 'పీక్' (మెమరీలోని విలువను చూపే కీవర్డు)తో చదవండి. ఏ అక్షరపు కోడ్ 65కు బదులు 'అండ్' టోకెన్ 175 కనిపిస్తుంది.

దీన్ని లోపమని కొట్టిపారేయడం నాకు సమ్మతం కాదు. మెమరీ కొన్ని కిలోబైట్లే ఉన్న యంత్రాల కోసం పుట్టిన పద్ధతి ఇది; 'ఫర్', 'టు' చుట్టూ ఖాళీలు వదలకుండా లైనంతా కలిపి రాసినా నడుస్తుంది. పేరును చివరిదాకా ఒకే ముక్కగా చదివే పద్ధతి పెడితే ఆ వెసులుబాటు పోతుంది.

జవాబు (భీమిలి నుంచి):
1984లో మొదలైన క్లాస్ పథకం (బడుల్లో కంప్యూటర్ నేర్పే ప్రభుత్వ పథకం) కింద మా బడికి బీబీసీ మైక్రో అనే బ్రిటిష్ కంప్యూటర్ వచ్చింది. నేను బేసిక్ నేర్చుకున్నది దాని మీదే. అందులో చందువా చెల్లుతుంది. ఆ ఇంటర్‌ప్రెటర్ పేరు మొదట్లో కీవర్డు లేదని తేలితే మిగతా అక్షరాలను వెతకకుండా దాటిపోతుంది. కీవర్డులు పెద్ద అక్షరాలలోనే ఉండాలి కనుక, చిన్న అక్షరాలలో పేర్లు పెట్టుకుంటే మొదట్లోనూ చిక్కు రాదు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. 2055లో 175 కనిపించింది. చందువాను సి, డి అని రెండక్షరాలకు కుదించాను.

జవాబు (సీతమ్మధార నుంచి):
మంచిదే, కానీ ఒక్క జాగ్రత్త. కమడోర్ పేరులో మొదటి రెండు అక్షరాలనే గుర్తుంచుకుంటుంది. రేపు నాన్నగారి అప్పు లెక్కకు వడ్డీ అని మరో వేరియబుల్ పెడితే, అదీ వంజరమూ వి, ఏ లతోనే మొదలవుతాయి కనుక, ఎర్రర్ ఏమీ చూపకుండానే వంజరం ధర చెరిగిపోయి ఆ చోట వడ్డీ వచ్చి కూర్చుంటుంది.