నాలుగు గొంతుల క్వయర్ పాటను ‘స్వాహిలీ జానపదం’ అనొచ్చా?

ఆల్టో_గొంతు:
అమెరికాలో మేముండే చిన్న ఊరి క్వయర్‌లో (బృందగాన మేళంలో) పాడుతున్నాను. ఈసారి కచేరీకి తూర్పు ఆఫ్రికా భాష అయిన స్వాహిలీలో మూడు పాటలు ఎంచారు: ‘వానా బరాకా’, ‘మలైకా’, ‘బాబా యేతు’. కరపత్రంలో మూడింటి కిందా ‘స్వాహిలీ జానపద గీతం’ అని వేయబోతున్నారు. నాకది మింగుడుపడటం లేదు.

‘బాబా యేతు’ 2005లో వచ్చిన ‘సివిలైజేషన్ 4’ అనే వీడియో గేమ్ కోసం క్రిస్టఫర్ టిన్ అనే అమెరికన్ కట్టిన పాట. మాటలు పరలోక ప్రార్థనవి. 2011లో దానికి గ్రామీ కూడా వచ్చింది. ‘మలైకా’ను 1960ల మొదట్లో కెన్యా గాయకుడు ఫాదిలి విలియం రికార్డు చేశాడు. టాంజానియాకు చెందిన ఆదాం సలీం ఆ పాట తనదన్నాడు. దక్షిణాఫ్రికా గాయని మిరియం మకేబా పాడాక అది దేశదేశాలూ తిరిగింది. కర్తను నేనంటే నేనని ఇద్దరు మనుషులు ముందుకొచ్చిన పాటను ఎవరిదీ కాదన్నట్టు ఎలా రాస్తాం? ఇక ‘వానా బరాకా’ ప్రార్థించేవాళ్లు ధన్యులనీ, ఆ మాట యేసే చెప్పాడనీ పాడే చర్చి పాట.

ఒకటి గేమ్ పాట, ఒకటి ప్రేమ పాట, ఒకటి కీర్తన. మూడింటికీ ఒకే చీటీ అంటిస్తున్నారు. ఇలా సొప్రానో, ఆల్టో (ఆడవాళ్ల పై గొంతు, కింది గొంతు), టెనర్, బాస్ (మగవాళ్ల పై గొంతు, కింది గొంతు) అని విడగొట్టి, నోట్లు చూసి పాడేదాన్ని అసలు జానపదం అనొచ్చా?

గుంటూరు_టెనర్:
‘బాబా యేతు’ విషయంలో మీతో ఏకీభవిస్తాను. కానీ కర్త పేరు తెలిసినంత మాత్రాన, చర్చిలో పాడినంత మాత్రాన పాట జనానిది కాకుండా పోదు. పురుషోత్తమ చౌదరి రాసిన తెలుగు క్రైస్తవ కీర్తనలు మా అమ్మమ్మకు పుస్తకం చూడకుండా వచ్చు. ఆమెకు వాటి కర్త ఎవరో తెలియదు. తూర్పు ఆఫ్రికా పల్లెల్లో కూడా చర్చి పాట ఇలాగే నోటినోటా తిరిగి ఉంటుంది కదా. ఏ గీత దాటాక అది జానపదం అవుతుందో మీరు చెప్పాలి.

దార్_ఎస్_సలాం_నుంచి:
ఉద్యోగరీత్యా ఇక్కడే, టాంజానియాలో, ఉంటున్నాను కాబట్టి కళ్లారా చూసింది రాస్తాను. క్వయర్‌ను ఇక్కడ క్వాయా అంటారు. ఒకే చర్చిలో పెద్దల క్వాయా వేరు, కుర్రాళ్ల క్వాయా వేరు. నడిపించే మనిషిని మ్వాలిము అంటారు. చాలాచోట్ల పాట కట్టేది, నేర్పేది ఆయనే.

సాధన చూస్తే ముచ్చటేస్తుంది. అయిదు గీతల నోట్లు ఉండవు. బోర్డు మీద సోల్ఫా అక్షరాలు (మన సరిగమల్లాంటి దొ, రె, మి గుర్తులు) రాస్తారు. ముందు బాసులు తమ చిన్న ముక్కను పదేపదే పాడి గట్టిపరుస్తారు. దాని మీద టెనర్లు ఎక్కుతారు, తర్వాత ఆడవాళ్ల రెండు వరసలూ చేరతాయి. నాలుగూ కలిసిన క్షణంలో గదిలో ఎవరూ నిలకడగా ఉండరు, కాళ్లు వాటంతటవే కదులుతాయి. ఆదివారం వచ్చేసరికి దానికి కీబోర్డు, ఎలక్ట్రిక్ గిటార్ తోడవుతాయి. క్వాయాలో ఒకరింట్లో చావు జరిగితే మిగతావాళ్లు చందాలేసుకుని వెళ్లి నిలబడతారు.

చర్చి బయట కూడా క్వాయా ఉంది. 1967లో టాంజానియా సోషలిజాన్ని ప్రకటించిన అరూషా ప్రకటన వచ్చాక ఉజమా (ఆ సోషలిజం పేరు) గురించి, పార్టీ గురించి బళ్లలోనూ సభల్లోనూ పాడిన బృందగీతాలు కొల్లలు. నాలుగు గొంతులు కాబట్టి ఇది పరాయిదని అంటే ఇక్కడి జనం ఒప్పుకోరు. ఇది వాళ్ల సంగీతం. అమెరికా క్వయర్ దాన్ని జానపదం అనడంలో నాకు తప్పు కనిపించదు.

పాత_రికార్డులు:
దార్ గారూ, మీరు చెప్పిందంతా నిజమే. అయితే అది టాంజానియా సంగీతం. స్వాహిలీ జానపదం అనగానే నాకు తూర్పు ఆఫ్రికా తీరంలోని లాము, మోంబాసా, జాంజిబార్ గుర్తొస్తాయి. ఆ భాష తల్లిభాషగా ఉన్న తీరవాసులు ఎక్కువగా ముస్లింలు. క్వాయా పెరిగింది ప్రధానంగా లోపలి ప్రాంతాల్లో, ఇంట్లో వేరే భాష మాట్లాడుకుని స్వాహిలీని ఉమ్మడి భాషగా నేర్చుకున్న క్రైస్తవుల మధ్య. వాళ్లది తక్కువ అనడం లేదు. కానీ ఈ చీటీ వల్ల తీరంలోని పాట మొత్తం కనుమరుగవుతోంది.

తీరంలోనూ గుంపుగా పాడతారు, దాని తీరే వేరు. పెళ్లిళ్లలో ఆడవాళ్లు అడవి దున్న కొమ్ములను చిన్న పుల్లలతో కొడుతూ వూగో పాడతారు. ఒకామె చరణం ఎత్తుకుంటే మిగతావాళ్లంతా ఒకే స్వరంలో వంత పాడతారు. జాంజిబార్‌లో మౌలిదీ యా హోము అని ఉంది. మగవాళ్లు వరసగా మోకాళ్ల మీద కూర్చుని, డప్పుల లయకు ఒకే ఒంటిలా ఊగుతూ ప్రవక్తను కీర్తిస్తారు. తీరంలో వాద్యాలతో పాడే తారబ్ అనే పాటలో కూడా వంత ఏకస్వరమే. నాలుగు గొంతుల హార్మొనీ, అంటే వేర్వేరు స్వరాలు ఒకేసారి కలిసి మోగడం, ఇందులో ఎక్కడా లేదు.

తారబ్ పేరెత్తితే సితీ బింతి సాద్‌ను తలుచుకోకుండా ఉండలేను. జాంజిబార్ పల్లెలో కుండలు చేసే ఇంట పుట్టి, పట్నానికి వచ్చి గాయని అయింది. 1928లో తన బృందంతో బొంబాయి వచ్చి హెచ్ఎంవీకి రికార్డులిచ్చింది. స్వాహిలీ పాట గ్రామఫోన్ ప్లేటు మీద నిలవడంలో మన దేశపు స్టూడియోకు చోటుంది. ఆ రికార్డులు విన్న చెవికి ‘స్వాహిలీ జానపదం’ అంటే క్వయర్ అని వినిపిస్తుంటే బాధగా ఉంటుంది.

దార్_ఎస్_సలాం_నుంచి:
పాత రికార్డుల గారూ, తీరం సంగతి ఒప్పుకుంటాను. కానీ నాలుగు గొంతులు మిషనరీలతోనే వచ్చాయన్న ధ్వని మీ మాటల్లో ఉంది. టాంజానియా లోపలి భాగంలో, దొదోమా చుట్టుపక్కల ఉండే గోగో ప్రజల పాట వినండి. గోగో గాయకుడు హుక్వే జావోసే ఇలింబా (బొటనవేళ్లతో మీటే వాద్యం) వాయిస్తూ పాడి బయటి ప్రపంచానికి వినిపించింది ఆ సంప్రదాయాన్నే. అక్కడ గొంతులు విడిపోయి ఒకదానికొకటి మధ్యమ, పంచమ దూరంలో జంటగా నడుస్తాయి. యూరప్ హార్మొనీ పాఠంలో రెండు గొంతులు పంచమ దూరంలో పక్కపక్కన నడిస్తే తప్పు. గోగో పాటలో అదే అందం. మాటలు చిగోగోలో ఉంటాయి, స్వాహిలీ కాదు, నిజమే. కానీ ఇలాంటి ఊళ్లలో పెరిగినవాళ్లే క్వాయాలో చేరి స్వాహిలీలో పాడారు. వాళ్ల చెవిలో బహుస్వరం ముందే ఉంది.

లయ_పట్టు:
ఇంతవరకూ ఎవరూ మాట ఒత్తు సంగతి, అంటే పలికేటప్పుడు ఏ అక్షరం మీద బరువు పడుతుందన్న సంగతి, ఎత్తలేదు. నాకు అసలు చిక్కు అక్కడే ఉంది.

స్వాహిలీలో ఒత్తు దాదాపు ఎప్పుడూ చివరి నుంచి రెండో అక్షరం మీద పడుతుంది. ‘బ్వానా అసిఫివే’ (ప్రభువుకు స్తోత్రం) అని టాంజానియా చర్చిల్లో రోజూ వినబడే మాట తీసుకోండి. ‘బ్వా’ బరువు, ‘నా’ తేలిక. ‘అసిఫివే’లో ‘ఫి’ బరువు, ‘వే’ తేలిక. జర్మన్, ఇంగ్లిష్ కీర్తనల బాణీల్లో పంక్తి తరచూ చివరి అక్షరం మీద బలంగా దిగి ఆగుతుంది. అలాంటి బాణీలో స్వాహిలీ మాటలు కూర్చితే తేలిపోవాల్సిన ‘వే’ మీద బరువంతా పడి మాట ఎబ్బెట్టుగా వినిపిస్తుంది. అదే మాటను బట్టి బాణీ కట్టిన పాటలో చివరి బరువు ‘ఫి’ మీద దిగి ‘వే’ మెల్లగా జారిపోతుంది. ఆల్టో గారూ, నోట్లు ముందు పెట్టుకుని మీ మూడు పాటల్లో ప్రతి పంక్తి చివరా ఈ ఒత్తు ఎక్కడ పడుతోందో గుర్తు పెట్టుకుంటూ వెళ్లండి. పాట భాషలోంచి పుట్టిందా, భాష మీద మోపిందా అన్నది కర్త పేరు కంటే బాగా తెలుస్తుంది.

హార్మొనీ కూర్చడమే దోషమని నేననను. కెన్యా జాతీయ గీతం చూడండి. 1963లో అయిదుగురి సంఘం ఒకటి కూర్చుని, తానా నది తీరాన పొకోమో తల్లులు పాడే జోలపాట బాణీని తీసుకుని, దానికి స్వాహిలీ మాటలు రాసింది. పొకోమో భాష స్వాహిలీకి దగ్గరి చుట్టమే. పక్కన టాంజానియా గీతానికేమో బాణీ దక్షిణాఫ్రికా టీచర్ ఎనొక్ సొంటోంగా 1897లో కట్టిన కీర్తనది. ఒకటి జోలపాట, ఒకటి చర్చి పాట. రెండూ స్వాహిలీలోనే, రెండింటినీ క్వయర్లు నాలుగు గొంతుల్లో పాడతాయి. ఒక దేశం జోలపాటను ఎక్కడ తీసుకుందో చెప్పుకుంటూనే గొంతులు కలిపింది. అది నాకు నచ్చుతుంది.

ఆల్టో_గొంతు:
టెనర్ గారు గీత ఎక్కడని అడిగారు. నా గీత ఇది: పాట ఎవరి నోట, ఏ పని మీద, ఏ చోట ఉండేదో చెప్పగలిగితే జానపదం అనండి. చెప్పలేకపోతే ఆ మాట వాడొద్దు. వూగో గురించి చెప్పొచ్చు, పొకోమో జోలపాట గురించి చెప్పొచ్చు. మా కరపత్రంలో ఆఫ్రికా వైపు నుంచి ఒక్క పేరు కూడా లేదు, నాలుగు గొంతులకు అమర్చినాయన పేరు మాత్రం పెద్ద అక్షరాల్లో ఉంది.

ఇందులో డబ్బు సంగతీ ఉంది. ‘సంప్రదాయం’ అని వేసిన పాటకు కర్తకు రాయల్టీ చెల్లించక్కర్లేదు. అమర్చినవాడికీ ప్రచురణకర్తకూ మాత్రం కాపీ కాపీకీ వస్తుంది. మోంబాసా తీరపు హోటళ్లలో వాయించిన దెమ్ మష్రూమ్స్ అనే బ్యాండ్ వాళ్ల ‘జాంబో బ్వానా’ 1980లలో పుట్టింది. దాన్ని కూడా జానపదమని నమ్మేవాళ్లున్నారు. ఇది చిన్న పొరపాటుగా వదిలేసే విషయం కాదు.

గుంటూరు_టెనర్:
రాయల్టీ దగ్గర మీరే కరెక్ట్, కర్త ఉన్నచోట పేరు వేయాల్సిందే. ‘వానా బరాకా’ దగ్గర మాత్రం నేను కదలను. కీర్తన అయినంత మాత్రాన జానపదం కాదంటే, క్రైస్తవులైన ఆఫ్రికన్లకు జానపదమే లేదని చెప్పినట్టవుతుంది. అది వాళ్లకు అన్యాయం.

పాత_రికార్డులు:
అలా ఎవరూ అనలేదండీ. ‘కెన్యా చర్చి పాట’ అని రాస్తే వాళ్ల ఘనత వాళ్లకే దక్కుతుంది, తీరంవాళ్ల పేరు తీరంవాళ్లకే మిగులుతుంది.

ఆల్టో_గొంతు:
రేపు క్వయర్ డైరెక్టర్‌కు పంపబోయేది ఇది. ‘బాబా యేతు: క్రిస్టఫర్ టిన్, 2005, స్వాహిలీలో పరలోక ప్రార్థన.’ ‘మలైకా: ఫాదిలి విలియం రికార్డుతో ప్రసిద్ధమైన ప్రేమగీతం.’ ‘వానా బరాకా: కెన్యా చర్చిల్లో పాడే స్వాహిలీ కీర్తన, నాలుగు గొంతులకు అమర్చినది.’ అమర్చినవాళ్ల పేర్లు కింద చిన్న అక్షరాల్లో.

లయ_పట్టు:
బాగుంది. ‘మలైకా’ కింద ఆదాం సలీం పేరు కూడా చేర్చండి, తనదని ఆయనా అన్నాడని ఒక్క ముక్క చాలు. సాధనలో పంక్తి చివరి అక్షరాన్ని లాగకుండా వదలమని మీ బాసులకు చెప్పండి. వాళ్లు లాగితే మిగతా మూడు గొంతులూ లాగుతాయి.