రామతీర్థం కొండ దిగువ గడ్డిలోని ఎర్రని పుట్టగొడుగు ఏ జాతిది?

నెల్లిమర్ల ఉపాధ్యాయిని:
నాలుగు రోజులు విడవకుండా వాన కురిసిన తరువాత, రామతీర్థంలో గురుభక్తుల కొండ దిగువన పశువులు మేసే గడ్డిలో, ఆరుద్ర పురుగు రంగులో మెరిసే చిన్న పుట్టగొడుగులు కనిపించాయి. టోపీ రూపాయి బిళ్ళంత ఉండి, నడినెత్తిన మొనదేలి ఉంది. నా విద్యార్థులు పేరు అడిగితే చెప్పలేకపోయాను. ఎవరైనా గుర్తించగలరా?

రాజాం రైతు:
మా తోట గట్టున ఇటువంటి ఎరుపే చూసి నేను రెండేళ్ళు పొరబడ్డాను. తవ్వి చూస్తే అది మట్టిలో పూడిన మామిడి కొమ్మ మీద పుట్టినది. బెరడులా గట్టిగా ఉండి, అడుగున రేకులకు బదులు సూదితో గుచ్చినట్టు సన్నని రంధ్రాలున్నాయి. దాని పేరు పిక్నోపోరస్ అని తరువాత తెలిసింది. కనుక ముందుగా మీదాన్ని తిరగేసి చూడండి.

ఉపాధ్యాయిని:
రేకులే ఉన్నాయండి. దళసరిగా, ఎడమెడంగా ఉన్నాయి. నలిపితే వేళ్ళకు మైనంలా తగులుతున్నాయి.

శ్రీకాకుళం వృక్షశాస్త్ర విద్యార్థి:
అయితే హైగ్రోసైబీ అనే పుట్టగొడుగుల ప్రజాతి, అంటే దగ్గరి జాతుల గుంపు, కావచ్చు మేడం. గ్రీకులో ఆ మాటకు తడి తల అని అర్థం. రంగును మాత్రం నమ్మవద్దు, ఎందుకంటే ముదిరేకొద్దీ, ఎండావానలకు ఎరుపు వెలిసి పసుపుకు దిగుతుంది. టోపీని కాడ నుంచి వేరుచేసి, సగం తెల్లగా సగం నల్లగా ఉన్న కాగితంపై రేకులు కిందికి ఉండేలా పెట్టి, గాజు గ్లాసు బోర్లించి రాత్రంతా ఉంచితే సిద్ధబీజాల (విత్తనాల్లాంటి సన్నని పొడి) ముద్ర పడుతుంది. అది తెల్లగా ఉంటేనే హైగ్రోసైబీ. తుప్పు రంగైతే వేరే ప్రజాతి. కాడను కూడా నలిపి ఉంచండి.

టెక్కలి గృహిణి:
పుట్టకొక్కుల కూరలో వెండి నాణెం వేసి, అది నల్లబడకపోతే తినవచ్చని మా అత్తగారు అంటారు. ఆ పరీక్ష దీనికి పనికివస్తుందా?

విద్యార్థి:
దేనికీ పనికిరాదండి. ప్రాణం తీసే అమానిటా పుట్టగొడుగుల విషం వెండిని నల్లబరచదు, ఉడికించినా పోదు. వాంతులు మొదలయ్యేసరికే సాధారణంగా ఆరు గంటలు దాటిపోతాయి. దయచేసి ఆ నాణేన్ని నమ్మి ఏదీ వండవద్దు.

ఉపాధ్యాయిని:
నల్ల కాగితంపై తెల్లని గీతలు స్పష్టంగా పడ్డాయి. నలిపిన కాడ తెల్లవారేసరికి కాలిన వత్తిలా నల్లబడింది.

విద్యార్థి:
అలా నల్లబడటం హైగ్రోసైబీ కోనికా వర్గపు గుర్తు. అందులో ఒకదానినొకటి పోలిన జాతులు అనేకం ఉన్నాయి కనుక, సూక్ష్మదర్శినితో, డీఎన్‌ఏతో పరీక్షించకుండా అంతకన్నా కచ్చితమైన పేరు పెట్టడం న్యాయం కాదు. ఒకదాన్ని ఆరబెట్టి, తేదీ, చోటు రాసి కాగితపు పొట్లంలో దాచండి. ఆ గడ్డికి ఎప్పుడైనా ఎరువు వేశారా? ఐరోపాలో ఎరువు పడిన పచ్చికల్లో ఈ ప్రజాతి తగ్గిపోతోంది.

ఉపాధ్యాయిని:
అది దున్నని బీడేనని అక్కడి కాపరి చెప్పాడు. పొట్లం మీద ఆ మాట కూడా రాశాను.