మన తీరంలో అఖాతాలు ఎన్ని? చిలికాను ఆ లెక్కలో వేయవచ్చా?

బరంపురం బడి:

అందరికీ నమస్కారం. తొమ్మిదో తరగతి పిల్లల చేత పెద్ద గోడపటం గీయిస్తున్నాం. కాకినాడ నుంచి పారాదీప్ అవతలి దాకా తూర్పు తీరం, అందులో ఉన్న అఖాతాలన్నీ పేర్లతో సహా. మొదలుపెట్టగానే చిక్కు వచ్చింది. తీరం లోపలికి ఎంత వంగితే అఖాతం అనాలి? వైజాగులో లాసన్స్ బే అని పేరుంది గానీ పటంలో చూస్తే చిన్న వంపే. చిలికా అంత పెద్ద నీరు, సముద్రంతో కలిసే ఉంది, దాన్నేమో అందరూ సరస్సు అంటారు. ఇచ్ఛాపురం దాటి సోనాపూర్, గోపాలపూర్, గంజాం వరకు వస్తే ఒక్కటీ కనబడదు. ఎందుకని? పిల్లలు అడిగితే "పుస్తకంలో అలా ఉంది" అని చెప్పి తప్పించుకోవడం నాకు ఇష్టం లేదు. కొలిచి తేల్చే పద్ధతి ఉంటే చెప్పండి.

పాటుగీత:

కొలిచే పద్ధతి ఉంది, టీచరుగారూ. 1958 జెనీవా ఒప్పందంలో పెట్టారు, 1982 ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందం 10వ అధికరణంలో అలాగే ఉంచారు. మన దేశం ఆ ఒప్పందాన్ని 1995లో ఆమోదించింది. దాన్ని అర్ధవృత్త పరీక్ష అంటారు.

ముందు వంపుకు రెండు కొసలు గుర్తించాలి. ఒడ్డు బయటి సముద్రం వైపు చూడడం మాని లోపలి నీటి వైపు తిరిగే చోటే కొస. ఆ రెండు కొసల మధ్య గీత గీయండి, అది నోరు. ఆ గీతను వ్యాసంగా తీసుకుని అర్ధవృత్తం గీయండి. గీతకు లోపల ఉన్న నీటి వైశాల్యం ఆ అర్ధవృత్తంతో సమానంగానో ఎక్కువగానో ఉంటే అఖాతం, తక్కువైతే ఉట్టి వంపు.

లెక్కకు సులువు: నోటి వెడల్పును దానితోనే గుణించి, మళ్లీ 0.3927తో గుణించండి. నోరు 6 కిలోమీటర్లయితే 36 × 0.3927 = 14.1 చదరపు కిలోమీటర్లు. లోపల అంతకన్నా తక్కువ నీరుంటే పరీక్ష పోయినట్టే. కంటితో అంచనా వేయాలంటే నోరు పది పాళ్లనుకోండి, నీరు సగటున నాలుగు పాళ్లు లోపలికి వెళ్లాలి. లాసన్స్ బే ఇక్కడే ఆగిపోతుంది. అది వెడల్పాటి పళ్లెం లాంటి వంపు. పేరు మాత్రం పటం మీద ఉంచండి, జనం వాడే పేరును తీసేయకూడదు.

పొరపాట్లు ఎక్కువగా కొసల దగ్గరే జరుగుతాయి. బయటికి పొడుచుకొచ్చిన మొన కనబడగానే దాన్నే కొస అనుకుంటాం. ఆ మొన నుంచి నోటిగీత ఒకటి, లోపల ఉన్న తర్వాతి మొనకు ఇంకో గీత గీసి, మధ్య కోణం కొలవండి. 45 డిగ్రీల కన్నా తక్కువైతే మీరు ఎంచుకున్న మొన మరీ బయట ఉన్నట్టు, లోపలి మొనను తీసుకోండి. ఇది ఒప్పందంలో రాసిన నియమం కాదు గానీ సరిహద్దు గీతలు గీసేవాళ్లు వాడే పద్ధతి.

నోటికి అడ్డంగా దీవులుండి రెండు మూడు నోళ్లు ఏర్పడితే వాటి వెడల్పులన్నీ కూడి ఆ మొత్తాన్ని వ్యాసంగా తీసుకోవాలి. 2 కిలోమీటర్లదొకటి, 3 కిలోమీటర్లదొకటి ఉంటే వ్యాసం 5, అర్ధవృత్తం 9.8 చదరపు కిలోమీటర్లు. లోపలి దీవుల వైశాల్యాన్ని తీసేయకూడదు, నీటితో పాటే లెక్కించాలి. పిల్లలు ఇక్కడ తప్పకుండా తప్పు చేస్తారు, ముందే చెప్పండి.

ఇంకొక హద్దు ఉంది. నోరు 24 నాటికల్ మైళ్లు, అంటే 44.4 కిలోమీటర్లు దాటకూడదు. దాటితే లోపలెక్కడైనా అంత పొడవు గీత గీసి, దాని వెనుక నీటినే దేశపు అంతర్గత జలాలుగా లెక్కిస్తారు. బంగాళాఖాతం సంగతే చూడండి. శ్రీలంక కొస నుంచి సుమత్రా దాకా నోరు సుమారు 1600 కిలోమీటర్లు, అర్ధవృత్తం పది లక్షల చదరపు కిలోమీటర్ల పైచిలుకు. లోపలి నీరు ఇరవై లక్షలు దాటుతుంది. వైశాల్యంలో సులువుగా నెగ్గుతుంది, నోటి దగ్గర ఓడిపోతుంది. పైగా దాని చుట్టూ ఉన్న దేశాలు అనేకం, ఈ అధికరణం ఒకే దేశపు ఒడ్డున్న అఖాతాలకే వర్తిస్తుంది. అందుకే పేరులో అఖాతం ఉన్నా చట్టానికి అది అఖాతం కాదు.

సోనాపూర్ దగ్గర బాహుదా, గంజాం దగ్గర ఋషికుల్య నదీ మొగలు. వాటికి ఈ పరీక్ష పెట్టకండి. నది నేరుగా సముద్రంలో కలిసే చోట మొగ రెండు ఒడ్లనూ కలిపి గీత గీస్తే చాలు, అది 9వ అధికరణం.

ఖొండలైట్:

పైన చెప్పిన కొలత బాగుంది. టీచరుగారు అడిగిన "ఎందుకు"కు జవాబు ఇసుకలో ఉంది. నా మట్టుకు నాకు పిల్లలకు ముందు చెప్పాల్సింది ఇదే అనిపిస్తుంది.

వైజాగు దగ్గర తూర్పు కనుమలు సముద్రం దాకా వచ్చేశాయి. డాల్ఫిన్ నోస్ లాంటి రాతికొండ నీళ్లలోకి పొడుచుకుని నిలబడితే దాని పక్కన ఒడ్డు కొడవలిలా వంగుతుంది. ఆ రాయి పేరు ఖొండలైట్, మన రాయగడ, కొరాపుట్ కొండల్లో ఉండే ఖోండుల పేరే దానికి పెట్టారు. మన వైపుకొచ్చేసరికి కొండలు వెనక్కి తగ్గాయి. 1501 మీటర్ల మహేంద్రగిరి గజపతి జిల్లాలో, ఒడ్డుకు దూరంగా లోపలెక్కడో ఉంది. గోపాలపూర్ దగ్గర కెరటానికి అడ్డం పడే రాయే లేదు, అంతా ఇసుక.

ఆ ఇసుక నిలకడగా ఉండదు. కెరటం దక్షిణం నుంచి ఏటవాలుగా వచ్చి ఒడ్డెక్కుతుంది, నీరు దిగేటప్పుడు మాత్రం వాలు వెంట నేరుగా దిగుతుంది. ఇసుక రేణువు ఎక్కేటప్పుడు కాస్త ఉత్తరానికి జరిగి, దిగేటప్పుడు తిన్నగా దిగి, మళ్లీ ఎక్కుతూ రంపపు పళ్లలా నడుస్తుంది. నవంబరు నుంచి జనవరి దాకా ఈశాన్య గాలికి కొంత వెనక్కి వస్తుంది, అయినా ఏడాది మొత్తం మీద ఉత్తరానికి పోయేదే చాలా ఎక్కువ. అది ఏటా లక్షల ఘనపు మీటర్లు.

ఇప్పుడు ఒడ్డులో ఒక పల్లం ఉందనుకోండి. నడిచొచ్చిన ఇసుక ఆ పల్లం అంచుకు చేరగానే చాటు దొరికి కెరటం బలం తగ్గుతుంది, ఇసుక అక్కడే పడిపోతుంది. పడిన ఇసుక నాలుకలా నోటికి అడ్డంగా పెరుగుతుంది. లోపల పెద్ద నది ఉంటే తోసేస్తుంది. బాహుదాకు, ఋషికుల్యకు మార్చి వచ్చేసరికి ఆ బలం ఉండదు. అందుకే ఎండాకాలంలో మొగ పూడుతుంది, వానాకాలపు వరద మళ్లీ తెంచుతుంది, మొగ చోటు మారుతూ ఉంటుంది. ఒకప్పుడు ఇక్కడున్న పల్లాలన్నీ ఇలా మూసుకుపోయినవే.

చిలికా అందులో అన్నిటికన్నా పెద్దది. సముద్రపు భాగంగా ఉన్న చోటును ఇసుక పట్టీ క్రమంగా మూసింది. అంటే పుట్టుకలో అఖాతమే, మూతపడి ఉప్పునీటి కయ్య అయింది. మూత ఎంత బిగుసుకుందో చెప్పడానికి ఒక్క సంగతి చాలు. సరస్సు నీరు సముద్రాన్ని చేరే దారి పూడిపోయి, ఉప్పుదనం తగ్గి, గుర్రపుడెక్క లాంటి కలుపు పెరిగి, చేపలు తగ్గడంతో 2000 సెప్టెంబరులో సాతపడా వైపు ఇసుక పట్టీని కోసి కొత్త మొగ తెరిచారు. దాంతో నీటిదారి 18 కిలోమీటర్లు తగ్గింది. అంతకుముందు 1993లో రాంసార్ అనే అంతర్జాతీయ చిత్తడినేలల ఒప్పందం కింద ప్రమాదంలో ఉన్నవాటి పట్టికలోకి ఎక్కిన చిలికా 2002లో దాన్నుంచి బయటపడింది. 2019 మేలో ఫోని తుపాను ఇంకొన్ని మొగలు తెరిచింది. కాబట్టి పటం మీద చిలికా మొగ గీసేటప్పుడు పక్కన ఏ ఏడాదిదో రాయండి, లేకపోతే ఆ గీతకు అర్థం లేదు.

మీ పటంలో గట్టిగా నిలబడే అఖాతాలు రెండు. కాకినాడ ఒకటి. గోదావరి తెచ్చిన ఇసుక ఉత్తరానికి నడిచి హోప్ ఐలండ్ అనే పొడవాటి దిబ్బగా పెరిగింది. అది ఒడ్డుకు దూరంగా, ఒడ్డు వెంటే సాగింది కాబట్టి లోపల నీరు మిగిలింది, ఉత్తరం వైపు నోరు తెరిచే ఉంది. అర్ధవృత్త పరీక్షలో బాగా నెగ్గుతుంది. రెండోది కేంద్రాపడా జిల్లాలో, మహానది డెల్టా చివర హుకిటోలా. అక్కడే ఫాల్స్ పాయింట్. ఓడలవాళ్లు దాన్ని చూసి ఇంకా ఉత్తరాన ఉన్న పాల్మిరాస్ కొస అనుకుని మోసపోయేవారు, అందుకే ఆ పేరు. 1866 కరువు తర్వాత ధాన్యం దించి నిలవ చేయడానికి కట్టిన రాతి గోదాము ఇప్పటికీ అక్కడ ఉంది. అఖాతం మాత్రం ఇసుక దీవుల చాటున పూడిపోతూ వస్తోంది. దాని నోళ్లకు పైన చెప్పిన కూడిక పద్ధతి వాడండి.

అఖాతం లేకపోవడం అంటే ఏమిటో పిల్లలకు చూపించాలంటే మసూలా పడవ బొమ్మ గీయించండి. గోపాలపూర్‌లో రంగూన్ ఓడలు ఒడ్డుకు రాలేక దూరంగా లంగరు వేసేవి. సరుకునూ జనాన్నీ కెరటాల మీదుగా దాటించింది ఆ పడవలే. ఒడియాలో నొళియా అనే మన తెలుగు బెస్తవారే వాటిని నడిపేవారు. పలకలకు మేకులు కొట్టేవారు కాదు, కన్నాలు పెట్టి కొబ్బరి తాడుతో కుట్టి, కుట్టు కింద పీచు దట్టించేవారు. అడుగు ఇసుకకు తగిలినప్పుడు పలకలు కాస్త వంగి సర్దుకుంటాయి. మేకులు కొట్టిన పడవైతే అక్కడే పగులుతుంది.

బరంపురం బడి:

ఇద్దరికీ చాలా కృతజ్ఞతలు. అయితే ఒక తిరకాసు. చిలికా నీరు వానాకాలంలో 1165, ఎండాకాలంలో 906 చదరపు కిలోమీటర్లని పుస్తకాల్లో ఉంది. మొగ ఒక కిలోమీటరే అనుకుంటే అర్ధవృత్తం 0.39 చదరపు కిలోమీటర్లు. పరీక్షలో నెగ్గినట్టే కదా? ఇంకా, కంప్యూటరు ఒకటే ఉంది, పిల్లలు నలభై మంది. కాగితం మీద చేసే దారి ఉందా?

జోన్ 45:

అంకెల్లో నెగ్గుతుంది, మీ లెక్క తప్పు కాదు. అర్ధవృత్త పరీక్ష బాగా విచ్చుకున్న వంపులను ఏరేయడానికి పెట్టింది, నోరు చిన్నదైన కొద్దీ ఎవరైనా నెగ్గుతారు. నీటికీ సముద్రానికీ మధ్య గోడలా ఇసుక పట్టీ అడ్డం ఉంటే భూగోళశాస్త్రంలో దాన్ని కయ్య అనే అంటారు. చట్టం దృష్టిలో ఏ పేరు పెట్టినా అది దేశపు అంతర్గత జలమే, తేడా రాదు.

ఇక కొలత. గూగుల్ ఎర్త్ ప్రోలో రూలరు తెరిచి, పాలిగాన్ ఎంచుకుని, ఒడ్డు వెంట చుక్కలు పెడితే వైశాల్యం చదరపు కిలోమీటర్లలో వస్తుంది. ఒక ఏడాది బొమ్మతోనే సరిపెట్టుకోకుండా పాత బొమ్మల గడియారం నొక్కి నాలుగైదు ఏళ్లు చూడండి, ఇసుక కొస ఎంత జరిగిందో కనబడుతుంది.

పటాలు గీసి కొలిచే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ వాడితే ఒక ఉచ్చు ఉంది. పటాన్ని అక్షాంశ రేఖాంశాల్లోనే ఉంచి ఫీల్డ్ క్యాలిక్యులేటర్‌లో ఉట్టి ఏరియా అడిగితే చదరపు డిగ్రీలు వస్తాయి, అది దేనికీ పనికిరాదు. మన దగ్గర ఒక డిగ్రీ రేఖాంశం సుమారు 105 కిలోమీటర్లు, అక్షాంశం 111కు కాస్త తక్కువ, రెండూ సమానం కావు. యూటీఎంలోకి, అంటే భూమిని జోన్లుగా విడగొట్టి మీటర్లలో కొలిచే పద్ధతిలోకి మార్చి కొలవండి. 84 డిగ్రీల రేఖాంశానికి తూర్పున ఉన్న కళింగపట్నం, గోపాలపూర్, చిలికా, హుకిటోలా జోన్ 45లో, సాఫ్ట్‌వేర్‌లో దాని కోడ్ ఈపీఎస్‌జీ 32645. వైజాగు, కాకినాడ జోన్ 44లో, 32644. రెండిటినీ ఒకే జోన్‌లో కొలిస్తే చిన్న తేడా వస్తుంది, బడి పనికి ఫరవాలేదు గానీ అలవాటు మంచిది కాదు.

ఒప్పందం ప్రకారం గీత పాటు దిగినప్పటి నీటి అంచున ఉండాలి. ఉపగ్రహం బొమ్మ తీసిన క్షణంలో పోటో పాటో మనకు తెలియదు. ఇసుక ఒడ్డు 30 మీటర్లకు ఒక మీటరు వాలుతో ఉంటే, నీరు ఒకటిన్నర మీటర్లు దిగినప్పుడు అంచు 45 మీటర్లే జరుగుతుంది. కాకినాడ దక్షిణాన కోరింగ మడ అడవుల దగ్గర బురదనేల దాదాపు చదును. అక్కడ 500 మీటర్లకు ఒక మీటరు వాలనుకుంటే అంచు 750 మీటర్లు జరుగుతుంది. అందుకే కాకినాడకు రెండు మూడు తేదీల బొమ్మలు చూసి, నీరు అన్నిటికన్నా వెనక్కి పోయిన దాన్ని తీసుకోండి.

కాగితం మీద ఇంకా సులువు. పటాన్ని ఏ స్కేలులోనైనా అచ్చు తీసి, పైన మిల్లీమీటరు గ్రాఫ్ ట్రేసింగు కాగితం పరిచి ఒడ్డు గీయించండి. నోరు 8 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి, అర్ధవృత్తం 64 × 0.3927 = 25.1 చదరపు సెంటీమీటర్లు. లోపలి గళ్లు లెక్కపెట్టి పోల్చడమే. స్కేలు కిలోమీటర్లలోకి మార్చే పనే లేదు, రెండూ ఒకే కాగితం మీద ఉన్నాయి కదా. సగానికి మించి లోపలున్న గడిని ఒకటిగా, తక్కువున్న దాన్ని సున్నాగా తీసుకోమనండి. ఒక్కో అఖాతాన్ని నలుగురు విడివిడిగా లెక్కించి సగటు తీస్తే కొస ఎంచుకోవడంలో ఎవరెక్కడ తేడా పడ్డారో బయటపడుతుంది.

గళ్లు లెక్కపెట్టే ఓపిక లేని పిల్లలకు ఇంకో దారి. ఒకే అట్ట మీద అఖాతం ఆకారాన్నీ అర్ధవృత్తాన్నీ గీసి కత్తిరించి, ప్రయోగశాల తక్కెడలో చెరో పళ్లెంలో పెట్టండి. ఆకారం వైపు దిగితే అఖాతం. అట్ట అంతా ఒకే మందం ఉండాలి, మడత పడిన చోటు కత్తిరించకూడదు, బొమ్మ అరచేతికన్నా చిన్నదైతే తేడా తెలియదు.

ఖొండలైట్:

తక్కెడ ఆలోచన చాలా బాగుంది. చిలికాకు మాత్రం అది పెట్టకండి, ఆ స్కేలులో అర్ధవృత్తం ఆవగింజంత కూడా రాదు. పటం మీద చిలికా పక్కన "ఉప్పునీటి కయ్య, వానాకాలం 1165, ఎండాకాలం 906 చ.కి.మీ." అని రాసి, దక్షిణాన దాన్ని ఋషికుల్య మొగతో కలిపే పాలూరు కాలువను సన్నగీతతో చూపించండి. చాలా పటాల్లో ఆ కాలువ వదిలేస్తారు.

బరంపురం బడి:

అలాగేనండి. లాసన్స్ బే, భీమిలి వంపు చుక్కల గీతతో, కాకినాడ, హుకిటోలా నిండు నీలంతో, చిలికా లేత ఆకుపచ్చతో వేయిస్తాను. బాహుదా, ఋషికుల్య మొగలకు బాణం గుర్తు, పక్కన బొమ్మ తీసిన నెల, ఏడాది.